కరెంటు లేని రోజు కచేరీ

విరుదునగర్‌లో నెలకొక రోజు కరెంటు ఉండదు. తీగలు సరిచూసుకోవడానికి కరెంటు ఆఫీసు వాళ్ళు పొద్దున తొమ్మిదికి ఆపితే మళ్ళీ సాయంత్రానికి గాని ఇవ్వరు. ముందురోజే అందరి ఫోన్లకీ కబురొచ్చేస్తుంది, రేపు షట్‌డౌన్ అని. ఆ కబురు చూడగానే ఊళ్ళోవాళ్ళకి పిండి రుబ్బుకోవడం, ట్యాంకులో నీళ్ళు నింపుకోవడం గుర్తొస్తాయి. నాకు నా వయొలిన్ గుర్తొస్తుంది. మా కచేరీలన్నీ ఆ రోజే.

గొప్పకి పెట్టుకున్న నియమమేం కాదిది, వేరే దారి లేక పెట్టుకున్నాం. పప్పు మిల్లులు, నూనె మిల్లులు, ఊరి చివర మరమగ్గాలు నడుస్తున్నంతసేపూ మా ఊళ్ళో పక్కమనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. మేం వాయించేదేమో మైకు లేకుండా. ఒక్కోసారి విల్లు తీగకి ఆనీ ఆనకుండా లాగితే వచ్చే సన్నటి ధ్వని ఒక్కటే ఐదు నిమిషాలపాటు ఉంటుంది. అది వినబడాలంటే ఊరంతా నోరు మూసుకోవాలి. మా ఊరు నోరు మూసుకునేది నెలకి ఆ ఒక్కరోజే. పైగా పనులుండవు కాబట్టి జనానికీ తీరిక దొరుకుతుంది. కోవిల్‌పట్టిలో షట్‌డౌన్ ఇంకో రోజు వస్తుంది, కాబట్టి అక్కడ ఒక కచేరీ, ఇక్కడ ఒక కచేరీ. చెన్నై నుంచి ఇలాంటి సంగీతం వాయించేవాళ్ళు వచ్చినప్పుడు, ఇంత చిన్న ఊళ్ళలో నెలకి రెండు కచేరీలా అని నోరెళ్ళబెడతారు. ఆ మాట వినడం నాకెంత ఇష్టమో దాచుకోను. కావాలంటే రెండోసారి కూడా అనిపించుకుంటాను.

ఇలాంటి సంగీతం అంటే ఎలాంటిదని మీరడుగుతారు. కీర్తన కాదు, సినిమా పాట కాదు. ముగ్గురో నలుగురో ఒకచోట కూర్చుంటాం. ఒక్కోసారి ఎవరో కొత్తగా రాసిన కాగితం ముందుంటుంది. చాలాసార్లు అదీ ఉండదు, ఒక ఒప్పందం మాత్రం ఉంటుంది. మొదటి పది నిమిషాలు ఎవరూ గట్టిగా వాయించకూడదనో, ఒకరు ఆపాకే ఇంకొకరు అందుకోవాలనో అనుకుంటాం. మిగతాదంతా అక్కడికక్కడ, వినేవాళ్ళ ముందే పుట్టాలి. పుట్టకపోతే పరువు పోతుంది. మా వీధిలో దీన్ని పాట లేని కచేరీ అంటారు. అంటే అననివ్వండి, వస్తున్నారు కదా.

వచ్చేవాళ్ళు ఎలా వింటారో కూడా చెప్పాలి. కరెంటు లేదు కాబట్టి ఫ్యానుండదు. అందరి చేతుల్లోనూ విసనకర్రలో, అవి దొరక్కపోతే పాత పెళ్ళి పత్రికలో ఉంటాయి. వాటి సరసర శబ్దం మీద మొదట్లో నాకు మండిపోయేది. తర్వాత గమనించాను. మేం వాయించేది బాగుంటే అవి ఆగిపోతాయి. చప్పట్ల కన్నా అది నమ్మకమైన గుర్తు. ఒకసారి కచేరీ అయ్యాక మగ్గాల షెడ్డులో పనిచేసే ముసలాయన ఒకాయన నా దగ్గరికొచ్చి, "నడుమ ఒక పోగు తెగె పాపా. మీరు ముడెయ్యకుండానే ముందుకి పోతిరి," అన్నాడు. నేనూ చెల్లో వాయించే అక్కా ఒకరినొకరు వదిలేసి వేరువేరుగా తిరిగిన చోటు అది. సరిగ్గా అక్కడే పట్టుకున్నాడాయన. ఏ ఊరి సంగీత సభలో ఇలాంటి చెవులున్నాయో చూపించమనండి.

మా గురించి నాలుగు మాటలు. మాది తెలుగు ఇల్లు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను, కాబట్టి ఎక్కడైనా తడబడితే చూసీ చూడనట్టు పోండి. నేను పప్పు మిల్లు ఆఫీసులో పని చేస్తాను. చిన్నప్పుడు వర్ణాలదాకా వయొలిన్ నేర్చుకుని, నైనా పోయాక ఆపేసి, పెళ్ళయి పిల్లలు బడికి పోవడం మొదలెట్టాక మళ్ళీ అటకమీంచి దించాను. నైనా అంటే మా నాన్న. మగ్గం ముందు నిలబడినవాడు నిలబడినట్టే గుండె ఆగి పోయాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, అమ్మకి ముప్పైనాలుగు.

చెల్లో అక్కది కోవిల్‌పట్టి. అగ్గిపెట్టెల కంపెనీలో ఆడవాళ్ళ మీద మేస్త్రీ. ఆవిడ వాయించేది వాళ్ళ తాత చర్చిలో వాయించిన చెల్లో. వయొలిన్‌కి పెద్దక్క లాంటిది, మనిషంత ఉంటుంది. ఒకరోజు సాత్తూరు స్టేషన్‌లో రైలాగినప్పుడు, ఆ చెల్లో పెట్టెకి కూడా టికెట్టు కొనమన్న రైల్వే ఆయనతో ఈవిడ తమిళంలో పోట్లాడుతూ, మధ్యమధ్యలో తనలో తాను తెలుగులో తిట్టుకోవడం విన్నాను. ఆ తిట్లు మా ఇంటి తిట్లే. అలా కలిశాం. మూడో ఆయన డోలు మామ, మా పక్కవీధి. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళలో డోలు కొట్టి, భుజం నొప్పి వల్ల మానేశాడు. మానేసినా చేతులు ఊరుకోవు, అరుగు మీద కూర్చుని తొడమీద వాయించుకుంటూ ఉండేవాడు. తాళం లెక్క లేకుండా వాయించాలి మామా, వస్తావా అని అడిగితే, "ఊరేగింపులో సందు మలుపు తిరిగేటప్పుడు ఏమి లెక్కుంటుంది? చూసి కొట్టడమే గదా," అన్నాడు. మేం నెలలపాటు తంటాలు పడి తెలుసుకున్న సంగతి ఆయనకి పుట్టుకతో తెలుసు.

మొదటి కచేరీకి చోటు కావాలి. మా నేతవాళ్ళ సంఘం కల్యాణమండపం ఒకటుంది. దానికి పెద్ద మా పెద్దనైన, అంటే నైనాకి అన్న. ఎనిమిది మగ్గాల షెడ్డు ఆయనది, అమ్మ అందులోనే నూలు కండెలు చుడుతుంది. వెళ్ళి అడిగాను. ఆయన చాలాసేపు మీసం సవరించుకుని చెప్పాడు. "మండపం ఇయ్యనని సెప్పలే. కానీ మనోళ్ళు నడుమ లేసి పోయినారంటే, మళ్ళ ఈ పక్కకి అడగను రావద్దు పాపా. మండపానికి ఒక మర్యాద ఉండాది."

సరేనన్నాను. ఎవరు లేచిపోతారు? అంత పొగరుండేది నాకు.

నిజానికి నా మనసులో ఉన్నది మర్యాద గురించి కాదు, అమ్మ గురించి. నైనా పోయిన దగ్గర్నుంచీ ఆ మండపంలో అమ్మ కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. పెళ్ళిళ్ళకి వస్తుంది, అందరికన్నా ముందే వస్తుంది. కూరగాయలు తరుగుతుంది, ఆకులు తుడుస్తుంది. తాళి కట్టే ఘడియ దగ్గర పడగానే ఎవరూ చెప్పకుండానే వంటింటి తలుపు పక్కనున్న స్తంభం వెనక్కి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడుతుంది. మొగుడు పోయినవాళ్ళ నీడ ఆ ఘడియలో పడకూడదని మావాళ్ళ పట్టింపు. నా పెళ్ళిలో గట్టిమేళం మోగినప్పుడు తలెత్తి అమ్మ కోసం వెతికాను. అందరి చేతులూ అక్షతలు విసురుతున్నాయి, అమ్మ లేదు. కన్న కూతురి మెడలో తాళి పడుతుంటే గోడని చూస్తూ నిలబడింది. అది నా కడుపులో అలాగే ఉండిపోయింది. కచేరీ పెళ్ళి కాదు కదా, దీనికి ఏ పట్టింపూ లేదు కదా, ఆ మండపంలో మా అమ్మ నడిమధ్య కూర్చోవాలి, చివరిదాకా కూర్చోవాలి. నాకు కావలసింది అంతే.

షట్‌డౌన్ రోజు పదింటికల్లా మండపం నిండింది. సంగీతం కోసమని అబద్ధమాడను. సంఘం మండపంలో ఏది జరిగినా తిండి ఉంటుంది, పెద్దనైన పొంగలి, వడ చేయించాడు. ఆడవాళ్ళంతా శుభ్రంగా పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. అమ్మ తెల్లగళ్ళ నేతచీరలో వచ్చి మూడో వరసలో కూర్చుంది. నేను స్టేజీ మీంచి చూసి, విల్లు పట్టుకున్న చెయ్యి ఒకసారి చీరకి తుడుచుకున్నాను.

ఆ రోజు మా ఒప్పందం ఇది. నేనూ అక్కా వేరువేరు చోట్ల మొదలెట్టి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒకే స్వరం మీదికి రావాలి. అంతవరకూ డోలు మామ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. మేం కలిసిన క్షణాన ఆయన ఒక్కసారిగా విరుచుకుపడాలి. అక్కడినుంచి ఇంకో అరగంట అసలు కచేరీ. మేం కలవడానికి పది నిమిషాలు పట్టింది. విసనకర్రలు ఒక్కొక్కటే ఆగాయి. పప్పు మూటల లారీ ఒకటి దూరంగా రోడ్డు మీద పోయిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంత అందంగా ఎప్పుడూ వాయించలేదు మేం. ఇద్దరం ఒకే స్వరం మీద నిలిచాం.

మామ విరుచుకుపడ్డాడు. అంతసేపు ఊరికే కూర్చున్న చేతులు. నలభై ఏళ్ళుగా ఆ మండపంలో, ఆ స్టేజీ మీద, అలా విరుచుకుపడాల్సి వచ్చినప్పుడల్లా ఆ చేతులు చేసింది ఒకే ఒక్క పని. ఆయన వాయించింది అచ్చంగా గట్టిమేళం.

మండపం మొత్తం లేచి నిలబడింది. వెనకవరసలో నలుగురైదుగురు అవ్వలు నిజంగానే ఖాళీ గుప్పిళ్ళు మా వైపు విసిరారు. గట్టిమేళం అయిందంటే తాళి కట్టడం అయింది, ఇక మిగిలింది బంతి భోజనం. మావాళ్ళకి పుట్టినప్పటినుంచీ కాళ్ళలో ఉన్న లెక్క అది. ఒకరినొకరు పలకరించుకుంటూ, కుర్చీలు జరుపుకుంటూ, నిమ్మళంగా, ఏ కోపమూ లేకుండా భోజనాల గది వైపు నడిచారు. పెద్దనైన ఒక్కడూ మొదటి వరసలో మిగిలాడు, ఆయన పక్కన నిద్రపోతున్న ఇంకో ముసలాయన.

నవ్వొచ్చి ఉండేదే నాకు. కానీ నేను చూస్తున్నది మూడో వరసని. అందరికన్నా ముందు లేచింది అమ్మ. మామ మొదటి దెబ్బ కొట్టగానే లేచి, పమిట భుజం చుట్టూ లాక్కుని, చకచకా వెళ్ళి ఆ స్తంభం వెనక గోడవైపు తిరిగి నిలబడింది. అక్కడ పెళ్ళికొడుకు లేడు, పెళ్ళికూతురు లేదు, తాళి లేదు. స్టేజీ మీద ఉన్నది తన కూతురు. నా విల్లు ఆగిపోయింది. అక్క ఒక్కతే కాసేపు వాయించి ఆపేసింది.

ఇంటికెళ్ళాక అమ్మ మీద అరిచాను. తప్పని తెలుసు, అయినా అరిచాను. ఎవరి పెళ్ళయిందని అక్కడ దాక్కున్నావమ్మా అన్నాను. అమ్మ చేతిలో బియ్యం చేట. రాళ్ళు ఏరుతూనే అంది. "నేనేమి సేసేది? కాళ్ళు అవే లేసె. నేనా లేపితిని?"

ఇరవైయారేళ్ళు లేచిన కాళ్ళవి. వాటితో ఏం పోట్లాడతాను? ఏడుపొచ్చింది, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

పెద్దనైన దగ్గరికి వెళ్ళాను. లేచిపోయినారు గదా అన్నాడాయన. నచ్చక లేచిపోలేదు, పెళ్ళయిపోయిందనుకుని లేచారు అన్నాను. ఆయన నవ్వు ఆపుకోవడం నాకు కనబడింది. "అదీ న్యాయమే. ఇంకొకతూరి సూస్తాము. అదే కడాసరి," అన్నాడు. ఇంకొక్క అవకాశం, అంతే.

తర్వాతి సాధనకి అక్క కోవిల్‌పట్టి నుంచి వచ్చింది. డోలు మామ ముందే వచ్చి మూల కూర్చున్నాడు. నేను చెప్పేశాను, ఇక ఆ గట్టి దరువు వద్దు, మెల్లగానే ముగిద్దాం అని. అమ్మ సంగతి కూడా చెప్పాను. అంతవరకూ వాళ్ళకి తెలీదు, వాళ్ళు జనాన్ని చూసి నవ్వుకున్నారంతే.

మామ వేళ్ళకి తొడిగిన గట్టి తొడుగులు ఒక్కొక్కటే తీసి ముందు పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు. "మంత్రం సెప్పే అయ్యరు వేలు ఎత్తినాక కొట్టాలని అంటారు. నేను ఎప్పుడూ అయ్యరు వేలు సూడలే పాపా. జనాన్ని సూస్తాను. మీ అమ్మ మాదిరి అమ్మగార్లు లేసి లోపలికి పోతే, ఘడియ వచ్చేసె అని తెలుసుకుని కొడతాను. వాళ్ళే నాకు గుర్తు. ఎన్ని పెండ్లిండ్లో. ఒక్క దినమూ యోచన సెయ్యలే నేను." ఒక తొడుగు మళ్ళీ వేలికి ఎక్కించుకుంటూ అన్నాడు. "దరువు తీసేస్తే ఏమి జరుగుతుంది? ఆయమ్మ కాలికి అది అట్లనే ఉంటుంది. తీసేది వద్దు. ఇంకా కొడదాం. మళ్ళ మళ్ళ కొడదాం. అది అరిగిపోయేదాకా."

అక్క తల వంచి తన చెల్లో చెవులు బిగిస్తోంది. "ముందు మా ఊళ్ళో కొట్టి సూడండి," అంది. "మా కంపెనీ ఆడోళ్ళు ఆగినారంటే ఎవురైనా ఆగుతారు."

కొత్త ఒప్పందం ఇది. గట్టిమేళం ఒక్కసారి కాదు, ఏడుసార్లు. ఎప్పుడొస్తుందో మాకూ తెలియకూడదు, మామ ఇష్టం. ఒక్కోసారి మేం ఒక స్వరం మీద కుదురుకోకముందే రావాలి, ఒక్కోసారి అంతా ఆగిపోయాక రావాలి. దాని తర్వాత ప్రతిసారీ మేం కొత్తగా మొదలెట్టాలి.

కోవిల్‌పట్టి షట్‌డౌన్ రోజున, అగ్గిపెట్టెలు పేర్చే షెడ్డులో బల్లలు పక్కకి జరిపి వాయించాం. పుల్లల మందు వాసన ఇంకా గాల్లో ఉంది. వచ్చినవాళ్ళంతా అక్క కింద పనిచేసే ఆడవాళ్ళు, వాళ్ళ అమ్మలు, అత్తలు. మొదటి గట్టిమేళానికి సగం షెడ్డు లేచి తలుపు వైపు తిరిగింది. అక్క విల్లు ఆపకుండానే, మేస్త్రీ గొంతుతో, "కూచోండి, ఈడ తినేదానికి ఏమీ లేదు," అంది. నవ్వుకుంటూ కూర్చున్నారు. రెండోసారికి ఏడెనిమిది మంది లేచారు. మూడోసారికి ఒకావిడ లేవబోయి నాలుక కరుచుకుంది. ఐదోసారి మామ చేతులు పైకెత్తగానే అందరూ కుర్చీలు గట్టిగా పట్టుకుని, పోటీ పెట్టుకున్నట్టు కూర్చున్నారు. ఏడోసారికి దాన్ని వినడం మొదలుపెట్టారు. అది నాకు స్పష్టంగా తెలిసింది. అప్పటిదాకా సైగగా ఉన్నది ఆ షెడ్డులో సంగీతమైంది. చివర్లో అక్క అందరికీ వేరుశెనగ మిఠాయి పంచింది. తినేదానికి ఏమీ లేదంటివే అని ఆవిడని పీక్కుతిన్నారు. తిరుగు బండిలో మామ కిటికీ పక్కన కూర్చుని సాత్తూరు దాకా తొడమీద అదే దరువు వాయించుకుంటూ వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

విరుదునగర్‌లో రెండో కచేరీకి అమ్మ రానంది. తనని చూసి అందరూ లేస్తారేమో అంది. రాకపోతే నేనూ వాయించను అన్నాను. అది బెదిరింపు అని ఇద్దరికీ తెలుసు. వచ్చింది, కానీ వరస చివర, వంటింటి వైపు కుర్చీలో కూర్చుంది. పెద్దనైన మొదటి వరసలో చేతివాచీ చూసుకుంటున్నాడు.

మొదటి దరువుకి చాలామంది లేచారు. పెద్దనైన వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు, కూర్చున్నారు. అమ్మ కూర్చోలేదు, స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది. ఈసారి నేను విల్లు ఆపలేదు. పళ్ళు బిగపట్టి వాయించాను. రెండో దరువు వచ్చింది. అమ్మ అక్కడే ఉంది. మూడోదీ అయింది. ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, దరువు ఆగిన ప్రతిసారీ వంటింట్లో కుండలో నీటిబొట్టు పడటం వినిపించేది. నాకు స్వరం జారిపోతోంది, అక్క కింద స్వరంతో పట్టుకుని నన్ను నిలబెట్టింది. నాలుగో దరువు అయ్యాక చూస్తే అమ్మ ఇటు తిరిగి ఉంది. గోడకి వీపు ఆనించి, మమ్మల్ని చూస్తోంది. తర్వాత నడిచి వచ్చింది. తన కుర్చీ దాకా పోకుండా, దగ్గర్లో ఖాళీగా కనబడిన రెండో వరస కుర్చీలో కూర్చుంది. నిలబడి నిలబడి కాళ్ళు నొప్పెత్తె, ఇంకెన్నిసార్లు కొడతాడో అని కూర్చుంటి అని తర్వాత చెప్పింది. నేను కట్టుకున్న పెద్ద పెద్ద కారణాలన్నీ ఆ మాట ముందు తేలిపోయాయి.

ఐదో దరువుకి అమ్మ మోకాళ్ళ మీద రెండు చేతులూ గట్టిగా నొక్కి పెట్టుకుంది. ఆరోదానికి చేతులు తీసేసింది. ఏడోదానికి వెనకనుంచి మా చిన్నమ్మ, ఆవిడ మొగుడు పోయి రెండేళ్ళయింది, లేచి పక్కకి పోబోయింది. అమ్మ ఆవిడ చీర కొంగు పట్టుకుని లాగి, "యాడికి పోతావు? ఇంకా ముడియలే, అయిపోలే, కూచో," అంది. మండపం అంతటికీ వినిపించింది. మామ ఆ మాట విన్నాడు. ఏడోదే ఆఖరు కావలసింది, ఒప్పందం తప్పి ఎనిమిదోది కూడా కొట్టాడు, కళ్ళు మూసుకుని, భుజం నొప్పి మరిచిపోయి. అంత గొప్పగా ఆయన ఏ పెళ్ళిలోనూ కొట్టి ఉండడు. ఆ తర్వాత మేం ముగ్గురం వాయించింది ఏమిటో నాకు గుర్తు లేదు. విసనకర్ర ఒక్కటి కూడా కదల్లేదని మాత్రం గుర్తుంది.

పెద్దనైన దగ్గరికొచ్చి, "ఇది సంగీతమా, కాదా, నాకు తెలవదు. వచ్చే షట్‌డౌన్‌కి మండపం ఖాళీగానే ఉంటుంది," అన్నాడు. అప్పట్నుంచి ఖాళీగానే ఉంటోంది. మదురై నుంచి క్లారినెట్ ఆయన వచ్చాడు, తిరునెల్వేలి నుంచి ఘటం వాయించే అమ్మాయి వచ్చింది, బెంగళూరు నుంచి ఇద్దరు వాళ్ళంతట వాళ్ళే మాకు ఉత్తరం రాసి వచ్చారు. మా జనం ఎవరినీ ఊరికే మెచ్చుకోరు. బెంగళూరువాళ్ళు వాయిస్తున్నంతసేపూ పెళ్ళి పత్రికలు ఊగుతూనే ఉన్నాయి. పాపం, వాళ్ళకి ఎందుకో అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

మొన్న పెద్దనైన మనవరాలి పెళ్ళి అదే మండపంలో జరిగింది. మేళం వేరేవాళ్ళది. డోలు మామ, అక్క, నేను చుట్టాల్లా వెళ్ళాం. అమ్మ పొద్దున్నే వెళ్ళి ఎప్పటిలాగే కూరగాయలు తరిగింది. ఘడియకి కాస్త ముందు చేతులు కడుక్కుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. పెద్దనైన స్టేజీ మీంచి అమ్మని చూశాడు. చూసి, అక్షతల పళ్ళెం పట్టుకుని తిరుగుతున్న కోడలికి మా వరస చూపించాడు. అమ్మ కూడా చేయి చాచి తీసుకుంది.

గట్టిమేళం మోగింది. ఇది నిజమైనది. అందరూ లేచారు, అమ్మా లేచింది. చెయ్యి పట్టుకుందామనుకుని పట్టుకోలేదు. అమ్మ కదల్లేదు. ముందువాళ్ళ భుజాల మధ్యనుంచి, మునివేళ్ళ మీద లేచి చూసింది. పెళ్ళికొడుకు మొదటి ముడి వేశాడు, మిగతా రెండూ మావాళ్ళ ఆనవాయితీ ప్రకారం వాడి అక్క వేసింది. అమ్మ అక్షతలు విసిరింది. గుప్పిట్లో కొన్ని గింజలు అంటుకుపోతే దులిపి మరీ విసిరింది.

మేళం ఆగింది. జనం భోజనాల వైపు కదిలారు. అమ్మ అక్కడే నిలబడి స్టేజీ వైపు చూస్తూ ఉంది. నైనా పోయాక తాళి కట్టడం ఆమె చూడటం ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళూ వంటింటి గోడ దగ్గర ఆ చప్పుడు మాత్రమే వింది, చాలా పెద్ద చప్పుడు, చాలాసేపు ఉండే చప్పుడు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"నీ పెండ్లిలోనూ ఇంతసేపేనా పట్టింది?"

"అంతేనమ్మా," అన్నాను.